వినని చెవి

మా గదిలో నా పని చదవడం. చదివాక ముఖంలో ఏమీ కనబడకుండా కూర్చోవడం. మొదటిది చదువొచ్చిన వాళ్ళెవరైనా చేస్తారు. రెండోదాంట్లో నన్ను మించిన మనిషి లేదని మా ఆయన అనేవారు. "పంతులమ్మా, నువ్వు పేకాట నేర్చుకుని ఉంటే ఈపాటికి మనకు రెండు మేడలుండేవి" అని నలుగురి ముందూ ఆటపట్టించేవారు. అప్పుడు కూడా నేను ముఖం కదిపేదాన్ని కాదు. కదిపితే ఇంకో నాలుగు అంటారని తెలుసు.

మేం సువార్తలను గ్రీకు నుంచి మళ్ళీ కొత్తగా, మనుషులు ఇళ్ళల్లో మాట్లాడుకునే మాటల్లోకి తెస్తున్నాం. అచ్చుపని జరిగే చోట మేడ మీది గది మాది. ఇనప మెట్లు, సిరా వాసన, కింద యంత్రం తిరుగుతున్నంతసేపూ బల్ల మీద వణికే టీ గ్లాసులు. మాకు పెద్ద తలకాయ పాస్టరుగారు. ఎవరినీ నొప్పించలేని మనిషి, అందుకని అందరినీ తలా కొంచెం నొప్పిస్తూ ఉంటారు. ఆయన తర్వాత ప్రూఫులు దిద్దే ఆయన. ఆయనకు మేం పెట్టిన పేరు కామాగారు. ఇంట్లో అన్నానికి పిలిచినా, ఆ పిలుపులో కామా ఎక్కడ పడాలో చెప్పి గానీ లేవరని చెప్పుకుంటాం. ఆ తర్వాత నేను. నాలుగో కుర్చీ మా ఆయనది. ఆ కుర్చీ సంగతి చెప్పడానికే ఇదంతా.

ఏ భాగం తర్జుమా పూర్తయినా దాన్ని నేరుగా అచ్చుకు పంపం. బయటి నుంచి ఒక మనిషిని పిలుస్తాం. ఆ కథ ఎన్నడూ విననివాళ్ళయి ఉండాలి. అలాంటి వాళ్ళను మా గదిలో 'వినని చెవి' అంటాం. నేను ఎదురుగా కూర్చుని, ఎక్కడా గొంతు పెంచకుండా నిదానంగా చదువుతాను. చివరికి రాకముందే ఆపి, ఏమర్థమైందో చెప్పమంటాను. తర్వాత ఏం జరిగి ఉంటుందో కూడా ఊహించమంటాను. ఈ రెండో ప్రశ్న ఎందుకంటే, కొందరు విన్నా వినలేదంటారు, టీ కోసమో, మొహమాటానికో. విన్నవాళ్ళకు ముగింపు ముందే తెలుసు కాబట్టి అది దాగదు. నోట్లో నువ్వుగింజ నానని మనుషులం కదా అందరం. వాళ్ళు చెప్పింది ఒప్పయినా తప్పయినా నేను తల ఊపకూడదు, నవ్వకూడదు, కనుబొమ్మ ఎత్తకూడదు. ఎత్తానా, నా ముఖం చదివి నాకు కావాల్సిందే చెబుతారు. ముగ్గురిలో ఇద్దరికి సరిగ్గా అందితే ఆ మాట నిలుస్తుంది. లేకపోతే పాత తర్జుమాలో ఉన్న మాటే ఉంటుంది. పరీక్ష అయ్యాక మిగిలిన కథ కూడా చదివి వినిపించాలి. ఎవరినైనా సగం అన్నం తిన్నాక లేపేస్తామా?

ఈ గదిలో గ్రీకు అంటే మా ఆయనే. నాకొచ్చిన ముక్కలు కూడా ఆయన క్లాసులో ముందు బెంచీలో కూర్చుని నేర్చుకున్నవి. ఆయనకు ఒక్క క్రియ మీద పిచ్చి. స్ప్లాంఖ్నిజొమై. పలకబోతే పళ్ళు కదిలిపోయే మాట. "దీన్ని నోటితో పలక్కూడదు, ఇక్కడితో పలకాలి" అని అరచెయ్యి పొట్ట మీద పెట్టుకునేవారు. కొత్తగా చేరిన పిల్లలు నవ్వేవాళ్ళు. ఆయన కూడా నవ్వి, తర్వాత మొదలుపెట్టేవారు.

స్ప్లాంఖ్న అంటే ఒంటి లోపలి భాగాలు. గుండె, కాలేయం, ఊపిరితిత్తులు, పేగులు. పాతకాలంలో పశువును బలిచ్చినప్పుడు ముందుగా బయటికి తీసినవి ఇవే. ప్రభువును పట్టిచ్చిన శిష్యుడు పడి నడుమ పగిలినప్పుడు నేల మీద ఒలికినవీ ఇవే. తొలినాళ్ళ గ్రీకులు కోపం, ధైర్యం అక్కడ ఉంటాయనుకున్నారు. తర్వాత గ్రీకులో రాసిన యూదులు అక్కడ జాలిని కూర్చోబెట్టారు. ఆ పేరులోంచి పుట్టిందే ఈ క్రియ. కొత్త నిబంధనలో మొదటి మూడు సువార్తల్లో తప్ప ఇంకెక్కడా కనబడదు. అదీ అందరికీ వాడరు. ప్రభువుకు వాడతారు, ఆయన చెప్పిన కథల్లో మనుషులకు వాడతారు. దెబ్బలు తిని దారి పక్కన పడున్నవాడిని చూసిన పరాయివాడు. దూరాన వస్తున్న కొడుకును చూసిన తండ్రి. బతిమాలేవాళ్ళు మామూలుగా వేరే క్రియతో అరుస్తారు, కరుణించమని. ఈ క్రియతోనే అడిగిన మనిషి ఒక్కడే, మూర్ఛలొచ్చే బిడ్డ తండ్రి. చాలాచోట్ల దీనికి ముందు 'చూసి' అని ఉంటుంది. "చూడటం ముందు, కడుపు తర్వాత, చెయ్యి ఆ తర్వాత" అనేవారు మా ఆయన. "ఇంకోటి గమనించు పంతులమ్మా. ఎక్కువసార్లు ఇది ముక్కూమొహం తెలియనివాళ్ళ మీదే కలుగుతుంది."

పాత తర్జుమాలో దీనికి 'కనికరపడి' అని ఉంది. అది వింటే ఆఫీసులో పెద్దసారు అర్జీ మీద సంతకం పెట్టినట్టుంటుందని మా ఆయన గొడవ. ఆయన పెట్టిన మాట 'కడుపు తరుక్కుపోయింది'. కామాగారు కుర్చీలోంచి లేచిపోయారు. ప్రభువు గురించి రాస్తున్నామా, వంటింట్లో కూరల గురించా అన్నారు. పాస్టరుగారు ఎప్పట్లాగే మధ్యలో దూరి, పోనీ 'గుండె తరుక్కుపోయింది' అందామా అన్నారు. "గుండె పాటలకండీ, కడుపు మనుషులకి" అన్నారు మా ఆయన. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. నెలల తరబడి కొట్లాడుకుని, చివరికి వినని చెవులే తేల్చాలని ఒప్పుకున్నారు. పరీక్షకు ఎంచుకున్న భాగం, ఊరి వాకిట ఎదురుపడిన శవయాత్ర. ఆ పరీక్ష జరగకముందే మా ఆయనకు జ్వరం వచ్చింది.

మామూలు జ్వరమే అనుకున్నాం. మెదడుకెక్కింది. ఆసుపత్రిలో కళ్ళు తెరిచిన రోజు నన్ను చూసి, "ఈ మంచం పక్కన కిటికీ కొంచెం మూస్తారా అమ్మా" అన్నారు. నేను నర్సుననుకున్నారు. ఇంటికొచ్చాక నేను ఆ ఇంటి మనిషినని తెలుసుకున్నారు. అంతవరకే. చొక్కా గుండీలు పెట్టుకుంటారు, తెలుగు పేపరు చదువుతారు, ఎవరైనా జోకేస్తే నవ్వుతారు. కొత్త సంగతులు కొంచెం కొంచెం నిలుస్తున్నాయి. పాతవి మాత్రం ఊడ్చిపెట్టుకుపోయాయి. పెళ్ళి లేదు, క్లాసు లేదు, ముందు బెంచీ లేదు. గ్రీకు పుస్తకం తెరిచి ఒళ్ళో పెడితే, చీమలు బారులు తీరినట్టు ఎంత ముచ్చటగా ఉందో అన్నారు. నన్ను అమ్మా అంటారు, మీరు అంటారు. టీ ఇస్తే థాంక్స్ చెబుతారు. ఆ థాంక్స్ విన్న ప్రతిసారీ గ్లాసు గోడకేసి కొట్టాలనిపిస్తుంది.

డాక్టరు మొదట్లో, తెలిసిన చోట్లూ తెలిసిన గొంతులూ చుట్టూ ఉంచండి, ఎక్కడో ఒక దారం చేతికి దొరకొచ్చు అన్నారు. ఏడాది దాటాక, ఇక వచ్చేది వచ్చినట్టే అన్నారు. నాకు మొదటి మాటే వినబడింది. రోజూ ఆయన్ను చెయ్యి పట్టుకుని ఆ ఇనప మెట్లెక్కించి, ఆయన కుర్చీలోనే కిటికీ దగ్గర కూర్చోబెట్టేదాన్ని. కామాగారు ఏదో వాదిస్తుంటే ఆయన ఆసక్తిగా చూసేవారు, ఎవరో పక్కింటివాళ్ళ గొడవ చూసినట్టు. నేను మాత్రం, నిన్న ఫలానా మాటకు తల తిప్పారు, ఇవాళ ఫలానా చోట పెదాలు కదిలాయి అని అందరికీ చెప్పేదాన్ని. పాస్టరుగారు సంతోషం అనేవారు. కామాగారు ప్రూఫుల్లోకి తల వంచేవారు. వాళ్ళిద్దరూ ఎన్నో ఏళ్ళు చదరంగం ఆడుకున్న స్నేహితులు. ఇప్పుడు బల్ల మీద పావులు పెడితే మా ఆయన గుర్రాన్ని చేతిలోకి తీసుకుని చెక్కడం బాగుందంటారు.

మా వదిన, అంటే ఆయన అక్క, నాకంటే గట్టి మనిషి. తమ్ముడు ఆవిణ్ణి కూడా గుర్తుపట్టలేదు. రెండు రోజులు ఏడ్చి మూడో రోజు కళ్ళు తుడుచుకుంది. "బాబూ, నేను మీ అక్కని, నువ్వు చిన్నప్పుడు నా జడ పట్టుకుని లాగేవాడివి" అని వాడితో కొత్తగా పరిచయం చేసుకున్నానే, నువ్వు కూడా చేసుకో అంది నాతో. నాకు ఒళ్ళు మండింది. నా మొగుడితో నేను పరిచయం చేసుకోవడమేమిటి, అక్కడ లోపల ఉన్నాడు, తలుపు తీయడం లేదంతే అన్నాను. ఆవిడ నా వంక జాలిగా చూసింది.

నా లెక్క నాకుంది. ఒక్కొక్క పొరా పోయింది, నిజమే. పేర్లు పోయాయి, ముఖాలు పోయాయి, నేను పోయాను. కానీ అన్నిటికీ అడుగున ఆ క్రియ ఉంది. నాకంటే ముందు నుంచి, నాకంటే దగ్గరగా ఆయనతో కాపురం చేసింది అదే. అది పోదు. దాన్ని ఊరి వాకిలి కథలో పెట్టి నా గొంతుతో చదివితే లోపలున్న మనిషి లేచి కూర్చుంటాడు. ఇంత నమ్మకం ఉన్నదాన్ని, ఆ కథ ఒక్కసారి చదివి చూడొచ్చు కదా. చదవలేదు. మిగతావన్నీ చదివాను, దాన్ని మాత్రం దాచుకున్నాను. చదవనంతకాలం అది ఆయన లోపల ఉన్నట్టే కదా. ఆకలేసినవాడు ఆఖరి రొట్టెముక్కను గుడ్డలో మూటగట్టుకుని తిరిగినట్టు తిరిగాను.

చివరికి ఆ భాగం అచ్చుకు దిగాల్సిన రోజు వచ్చింది. సాయంత్రానికల్లా పేజీలు ఇవ్వకపోతే యంత్రం వేరే పనికి ఎక్కిస్తామని కింద ఫోర్‌మన్ రెండుసార్లు పైకొచ్చి చెప్పాడు. ముగ్గురు వినని చెవుల్ని ముందే మాట్లాడి ఉంచాను.

మొదట ఒక బస్సు డ్రైవరు వచ్చాడు. చదివి, ఆపి, పాడెకు ఎదురొచ్చిన ఆ మనిషికేమైందని అడిగాను. డ్రైవరు అరచెయ్యి పొట్ట మీద పెట్టుకుని, తన కూతురు జ్వరంతో మూలుగుతుంటే తనకూ ఇక్కడే, ఇలాగే కోసినట్టుండేదని చెప్పాడు. ఆ చెయ్యి చూసి నాకు మా ఆయన క్లాసు గుర్తొచ్చింది. ముఖం కదపలేదు. రెండోవాడు అద్దాలు బిగించే మనిషి. "కడుపులో నొప్పొచ్చిందాండీ? పాపం, ఎండన పడి నడిచొచ్చాడేమో" అన్నాడు. కామాగారు తల వంచుకుని దగ్గారు. ఆ దగ్గులో నవ్వుందని నాకు తెలుసు. ఒకటికి ఒకటి. మూడోది లాండ్రీలో పనిచేసే ఆవిడ రావాలి. మధ్యాహ్నం దాటింది, రాలేదు. ఒంట్లో బాగోలేదని, రేపు వస్తానని కబురు పంపింది.

రేపు అంటే యంత్రం ఆగదు. నేను మెట్లు దిగి వీధిలోకి పరుగెత్తాను. పక్కన తాళాలు బాగుచేసే ఆయన్ను అడిగితే, ఆ కథ మా నాయనమ్మ చెప్పేదన్నాడు. మందుల షాపులో అమ్మాయికి తెలుసు. కింద అచ్చుపనివాళ్ళు మా కాగితాలు చూసీ చూసీ మాకంటే ఎక్కువ నేర్చేశారు. రొప్పుతూ పైకొచ్చి, రేపటి దాకా ఆగలేమా అని పాస్టరుగారిని బతిమాలాను. ఆయన చేతులు నలుపుకున్నారు. మూడో చెవి లేకపోతే పాత మాటే పోతుంది, నియమం మీ ఆయన పెట్టిందే కదమ్మా అన్నారు. నిజమే. ఆ నియమం పెట్టినప్పుడు అందరికంటే గట్టిగా బల్ల గుద్దింది మా ఆయనే.

అప్పుడు కామాగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, ఎవరి వంకా చూడకుండా మాట్లాడారు.

"మూడో మనిషి ఈ గదిలోనే ఉన్నాడు."

నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమై నోటికొచ్చినట్టు తిట్టాను. మీకు ఆ మాట మొదట్నుంచీ గిట్టదు, ఇప్పుడు పుండు మీద కారం చల్లుతున్నారా అన్నాను. ఆయన తిట్లన్నీ పడ్డారు. తన ఓటు ఇప్పటికీ పాత మాటకేనని, కానీ స్నేహితుడి మాట అడిగేవాళ్ళు లేక పడిపోవడం తనకిష్టం లేదని చెప్పారు. "మీరే చెప్పండమ్మా. వాడికి గుర్తుంటే వాడు చెవి కాదు. గుర్తులేకపోతే చెవే. వాడెవరో మాకంటే మీకే తెలుసు."

మా ఆయన కిటికీ దగ్గర నుంచి మమ్మల్ని చూస్తూ, గొడవ తన గురించేనేమోనని మొహమాటంగా నవ్వారు. "నావల్ల ఏమైనా సాయం కావాలంటే చెప్పండి. ఊరికే కూర్చునే ఉన్నాను కదా."

ఎందుకు ఒప్పుకున్నానో సూటిగా చెబుతాను. ఆయన మాట గెలవాలని కాదు. ఆ సంగతి ఆ క్షణంలో గుర్తు కూడా లేదు. ఎన్నాళ్ళని మూటగట్టుకుని తిరగను? చదివితే లేస్తారు. లేచి, ఈ కథ నాకు తెలియకపోవడమేమిటి పంతులమ్మా అంటారు. పరీక్ష చెడిపోతుంది, పాత మాట అచ్చవుతుంది, కామాగారు గెలుస్తారు. గెలవనీ, పోనీ. ఆ ఓటమికి నేను స్వీట్లు పంచుతాను అనుకున్నాను.

కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చున్నాను. వేరేవాళ్ళకు చెప్పినట్టే చెప్పాను, ఇది మీకు పరీక్ష కాదు, మా రాతకు పరీక్ష, తోచింది చెప్పండి అని. ఆయన బుద్ధిగా తలూపి చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు. చదివాను. ఊరి వాకిట్లోంచి పాడె బయటికి వస్తోంది. పోయినవాడు ఒక విధవరాలికి ఒక్కగానొక్క కొడుకు. ఊరి జనమంతా ఆవిడ వెంట ఉన్నారు. లోపలికి వస్తున్న ఆయన ఆవిణ్ణి చూశాడు. ఆవిణ్ణి చూసి ఆయనకు కడుపు తరుక్కుపోయింది. దగ్గరికెళ్ళి పాడె మీద చెయ్యి వేశాడు. మోసేవాళ్ళు ఆగిపోయారు.

అక్కడ ఆపాను. నా గొంతు ఎక్కడా పెరగలేదు. ఆయనకేమైందండీ అని అడిగాను.

మా ఆయన కిటికీ వైపు చూశారు. తర్వాత నెమ్మదిగా కుడిచెయ్యి లేచింది. అరచెయ్యి పొట్ట మీదికి వెళ్ళి ఆగింది. పాత చోటే, క్లాసులో పెట్టుకునే చోటే. పాస్టరుగారి కుర్చీ కిర్రుమంది. వచ్చారు, వచ్చేశారు అనుకున్నాను. కానీ నా కళ్ళకు మరో చెయ్యి కూడా కనబడుతోంది, అదే రోజు పొద్దున చూసిన డ్రైవరు చెయ్యి. వినని చెవులకు కూడా చెయ్యి అక్కడికే పోతుంది. అది ఎవరూ నేర్పక్కర్లేదు.

ఆవిడెవరో ఆ మనిషికి తెలియదు కదా, అయినా తన లోపల కోసినట్టయిందని చెప్పారు మా ఆయన. ఊరికే పాపం అనుకోవడం కాదన్నారు. సరైన జవాబే. క్లాసులో అయితే ఇంత తక్కువ మాటల్లో తేల్చేవారు కాదు.

ఇక రెండో ప్రశ్న. ఈ కథ మీద ఆయన ఎన్నిసార్లు ప్రసంగించారో నేనే లెక్కపెట్టలేను. చచ్చినవాడు లేచి కూర్చునే చోట గొంతు తగ్గించి చెప్పేవారు, గట్టిగా చెబితే మళ్ళీ పడుకుంటాడేమోనన్నట్టు. ముఖం బిగించి అడిగాను.

"తర్వాత ఏమై ఉంటుందండీ?"

ఆయన నా వంక చూశారు. ఇంత చిన్న సంగతి అడుగుతుందేమిటి అన్నట్టు, కానీ మర్యాదగానే.

"ఏముంటుందమ్మా. తీసుకెళ్ళి పూడ్చి ఉంటారు. పోయినవాడు లేచొస్తాడా? ఆ మనిషి కాసేపు ఆవిడ పక్కన నిలబడి ఉంటాడు. అంతకంటే ఎవరైనా ఏం చేస్తారు."

కింద యంత్రం ఆగి ఉంది. గ్లాసులు వణకడం లేదు. కామాగారు కళ్ళజోడు పెట్టుకోబోయి చేతిలోంచి జారవిడిచారు. వంగి తీసుకునేటప్పుడు ఆయన ముఖం చూశాను. ఆయన కూడా ఎక్కడో ఆశ పెట్టుకుని ఉన్నారని అప్పుడే తెలిసింది. పాపం, నాకంటే బాగా దాచుకున్నారు.

పాస్టరుగారు గొంతు సవరించుకున్నారు. ఇక్కడితో వదిలేద్దామమ్మా, దీన్ని లెక్కలోకి తీసుకోవద్దు అన్నారు. వద్దన్నాను. అడగాల్సింది అడగండి అన్నాను. ప్రతి పరీక్ష చివరా, చదివిన మనిషిని అందరి ముందూ అడిగే ప్రశ్న ఒకటుంది. నేను నోటితో జవాబు చెబితేనే ఆ చెవి చెల్లుతుంది. పాస్టరుగారు తల అడ్డంగా ఊపారు. చివరికి కామాగారే నేలచూపులు చూస్తూ అడిగారు.

"ఈయన ఈ కథ ఇంతకుముందు విన్నారా, వినలేదా?"

అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. విన్నారు అనొచ్చు. వినడమేమిటి, రాసిందే ఆయన అనొచ్చు. అంటే ఎవరూ కాదనరు. పాత మాట అచ్చవుతుంది, రేపు మళ్ళీ చెయ్యి పట్టుకుని మెట్లెక్కిస్తాను, పెదాలు కదిలాయని చెబుతాను, పాస్టరుగారు సంతోషం అంటారు. అలా ఎన్నేళ్ళయినా గడిచిపోతాయి. వినలేదు అంటే ఆయన మాట బతుకుతుంది. నెలల తరబడి బల్ల గుద్ది కొట్లాడిన మాట, వేల ఇళ్ళల్లో జనం చదివే మాట. కానీ అలా అన్నాక నేను రేపు ఎవరిని మెట్లెక్కిస్తాను? ఆయన రాసింది బతకాలంటే ఆయన లేరని నేనే చెప్పాలి. ఇంకెవరు చెప్పినా చెల్లదు.

ఎన్ని వందల మంది విన్నారో ఆ గదిలో నా చదువు. ఎవరి గురించీ నేను అబద్ధం చెప్పలేదు.

"వినలేదు" అన్నాను.

పాస్టరుగారు కళ్ళు మూసుకున్నారు. కామాగారు పెన్ను తీసి పేజీలో పాత మాటను తనే కొట్టేసి, ఆ పైన కొత్త మాట రాశారు. ఎంత వద్దన్నా ఆయన రాత అందంగా ఉంటుంది. ఇక మిగిలింది నా పని. సగంలో లేపకూడదు కదా.

మిగిలిన కథ చదివాను. లెమ్మన్నాడనీ, పోయినవాడు లేచి కూర్చున్నాడనీ, మాట్లాడటం మొదలుపెట్టాడనీ. ఆయన వాణ్ణి తల్లికి అప్పగించాడని ఉన్న చోట అక్షరాలు చెదిరిపోయాయి. ఇన్నేళ్ళూ ఏ చెవి ముందూ కదలని ముఖం కదిలిపోయింది. చేతులడ్డం పెట్టుకున్నా ఆగలేదు. బావురుమన్నాను. సిగ్గులేకుండా, ఊరందరి ముందూ ఏడ్చినట్టు ఏడ్చాను.

కుర్చీ జరిగిన చప్పుడైంది. మా ఆయన లేచి నా దగ్గరికొచ్చారు. తల ఎత్తితే నన్నే చూస్తున్నారు. ఆ చూపు నాకు తెలుసు. ఎన్నోసార్లు వర్ణించారు నాకు, ముందు బెంచీలో కూర్చోబెట్టి. అరచెయ్యి మళ్ళీ పొట్ట మీదికి వెళ్ళింది. ఆయనకు ఎవరూ చదివి వినిపించలేదు, ఎవరూ ఏమీ అడగలేదు. ముక్కూమొహం తెలియని ఒక ఆడమనిషి ఏడుస్తోంది, ఆయనకు కడుపు తరుక్కుపోయింది.

"మీకెవరు పోయారమ్మా?" అన్నారు.

"మా ఆయనండీ" అన్నాను.

అయ్యో అన్నారు. నా కుర్చీ మీద చెయ్యి వేసి, నా పక్కనే నిలబడ్డారు. ఫోర్‌మన్ వచ్చి పేజీలు తీసుకుని కిందికి వెళ్ళాడు. కాసేపటికి యంత్రం తిరగడం మొదలైంది, బల్ల మీద గ్లాసులు వణుకుతున్నాయి. ఆయన ఇంకా అక్కడే నిలబడి ఉన్నారు.